ఆ ర్యాంపులు ఎవరి దయా కాదు

అమెరికా చూడటానికి వచ్చిన మనవాళ్లు నాతో తప్పకుండా ఒక మాట అంటారు. "ఎంత మంచి మనసండీ వీళ్లది! వీల్‌చైర్ కనబడితే బస్సు కిందికి వంగుతుంది, ఎక్కడ చూసినా ర్యాంపే." పోలియో కాలికి కాలిపర్ కట్టుకుని ఇక్కడే బతుకుతున్నవాణ్ణి కాబట్టి వాళ్లను కూర్చోబెట్టి చెబుతాను: ఇవి ఎవరో మనసు కరిగి ఇచ్చినవి కావు, మెడలు వంచి తీసుకున్నవి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1867లో ఒక చట్టం చేశారు. అంగవైకల్యంతో చూడటానికి వికారంగా ఉన్నవాళ్లు వీధుల్లో కనబడకూడదట. బిచ్చగాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన ఈ చట్టం లాంటివే మరికొన్ని నగరాల్లోనూ వచ్చాయి. షికాగో 1974 దాకా తన చట్టాన్ని రద్దు చేయలేదు. అక్క పెళ్లిచూపుల నాడు నన్ను లోపలి గదిలో ఉండమనడానికి మా ఇంట్లోవాళ్లకు చట్టం కూడా అవసరం పడలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలున్న బే ఏరియాలో ఈ హక్కుల పోరాటం ఎడ్ రాబర్ట్స్‌తో మొదలైందని చెబుతారు. అతనికి 14 ఏళ్లకే పోలియో వచ్చి మెడ కింద దాదాపు అంతా చచ్చుబడింది. రాత్రిళ్లు ఊపిరాడాలంటే ఇనుప యంత్రంలో పడుకోవాలి. 1962లో బర్క్‌లీ యూనివర్సిటీలో చేరితే క్యాంపస్ ఆసుపత్రిలోనే గది ఇచ్చారు. తర్వాత అలాంటి విద్యార్థులే మరికొందరు అక్కడికి చేరారు. 1972కల్లా వికలాంగులే నడుపుకునే 'సెంటర్ ఫర్ ఇండిపెండెంట్ లివింగ్' వెలిసింది.

అసలు ఘట్టం 1977లో జరిగింది. కేంద్ర ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ బడీ ఆసుపత్రీ వికలాంగులపై వివక్ష చూపకూడదని 1973లోనే ఒక చట్టంలో 504వ సెక్షన్ పెట్టారు. నాలుగేళ్లయినా దాని నిబంధనలపై సంతకం పడలేదు. ఏప్రిల్ 5న, శాన్‌ఫ్రాన్సిస్కోలో యునైటెడ్ నేషన్స్ ప్లాజాలోని ఫెడరల్ ఆఫీసులోకి దాదాపు 150 మంది వెళ్లి బైఠాయించారు. ముందున్నవాళ్లలో జూడీ హ్యూమన్ ఒకరు. వీల్‌చైర్‌తో వస్తే అగ్నిప్రమాదమని చిన్నప్పుడు బడిలో చేర్చుకోని పిల్ల. పెద్దయ్యాక టీచరు ఉద్యోగం కోసం న్యూయార్క్‌లో కోర్టుకెక్కి సాధించుకున్న మనిషి.

ఫోన్లు కోసేశారు. అప్పుడు వినికిడి లేనివాళ్లు కిటికీల దగ్గర నిలబడి, కిందున్నవాళ్లకు సైగల భాషలో కబుర్లు పంపారు. మందులు పాడవకుండా ఏసీ మిషన్‌కు పెట్టె ఒకటి టేపుతో అతికించి దాన్నే ఫ్రిజ్ చేసుకున్నారు. రాత్రి ఎవరో ఒకరు పక్కకు తిప్పకపోతే ఒళ్లు పుండ్లు పడే మనుషులు నేలమీద పడుకున్నారు. నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్లు వేడి భోజనం మోసుకొచ్చారు. ఏప్రిల్ 28న ఆ నిబంధనలపై మంత్రి కాలిఫానో సంతకం పెట్టాకే వాళ్లు కదిలారు. 1990 మార్చిలో వీల్‌చైర్లు కింద వదిలేసి పార్లమెంటు భవనం మెట్లు పాక్కుంటూ ఎక్కింది కూడా ఇలాంటివాళ్లే. ఆ జులై 26న దేశమంతటా వికలాంగులపై వివక్షను నిషేధించే చట్టం వచ్చింది.

ఇదంతా నాకెందుకు ముఖ్యమంటే, మా ఊళ్లో నాకు సాయం కరువు కాలేదు. నాన్న సైకిలు మీద బడికి దింపేవాడు, స్నేహితులు మెట్లెక్కించేవారు. అందరూ ప్రేమతోనే చేశారు. కానీ సాయం అందుకున్న ప్రతిసారీ తల దించుకోవడం అలవాటైపోయింది. బర్క్‌లీలో యాష్‌బీ స్టేషన్ దగ్గర రాబర్ట్స్ పేరిట కట్టిన భవనంలో మెలికలు తిరుగుతూ పైకి సాగే ఎర్రటి ర్యాంపు ఉంది. దానిమీద నడిచేటప్పుడు నేనెవరికీ రుణపడి లేను. ఎండాకాలం నిక్కరు వేసుకుని, కాలిపర్ అందరికీ కనబడేలా తిరుగుతాను. వంకర కాలికి గర్వమేమిటని అడిగేవాళ్లున్నారు. తాత ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లాడని చెప్పుకునే మనవడి గర్వం ఎలాంటిదో నాదీ అలాంటిదే. ఆ ఆఫీసులో నేలమీద పడుకున్నవాళ్లు నా వాళ్లు.

మన దేశంలో 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో ఆటిజం ఉంది, చదవడంలో ఇబ్బందులూ ఉన్నాయి. మా మేనకోడలి కూతురికి అక్షరాలు తారుమారవుతాయి. వైకల్యం ఉందని చెప్పే సదరం సర్టిఫికెట్ తీసుకుంటే రేపు పిల్లకు పెళ్లెలా అవుతుందని తల్లి భయం. మొన్న ఫోన్లో ఆ ధర్నా కథంతా చెప్పాను. విన్నది, ఇంకా ఏమీ తేల్చుకోలేదు. వచ్చే ఆదివారం మళ్లీ మాట్లాడతాను.