ట్రోల్‌ల వడపోత

ఆన్‌లైన్ చర్చను చెడగొట్టడానికే రెచ్చగొట్టే రాతలు రాసేవారిని (ట్రోల్‌లను) గుర్తించి, వారిని అదుపులో ఉంచే పద్ధతి. మొదట్లో ఈ పని పాఠకుడి చేతిలోనే ఉండేది. 1984లో ల్యారీ వాల్ రాసిన ‘ఆర్‌ఎన్’ ప్రోగ్రాంలోని కిల్‌ఫైల్, యూజ్‌నెట్ చర్చాబృందాల్లో వద్దనుకున్న రాతలను పాఠకుడి కంట పడనిచ్చేది కాదు. మిగతావారికి మాత్రం అవి కనిపిస్తూనే ఉండేవి.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో కాపలా ఉమ్మడిది. ప్రతి దిద్దుబాటూ ‘ఇటీవలి మార్పులు’ పేజీకి ఎక్కుతుంది. చెడ్డదాన్ని ఎవరైనా వెనక్కి తిప్పవచ్చు. ఖాతాను నిరోధించే అధికారం నిర్వాహకులది.

అసలు కష్టమంతా ఉద్దేశాన్ని పసిగట్టడంలో ఉంది. ఉదాహరణకు, నల్లచెరువు మండలం 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుంచి కొత్త శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఆ మండలంలోని ఒక ఊరి పేజీలో ఆధారం చూపకుండా జిల్లా పేరు మార్చిన కొత్తవాడు ట్రోల్ కాడు. మూలం ఎలా చేర్చాలో అతనికి నేర్పాలి. తిట్లు రాసి, తొలగించినకొద్దీ మళ్లీ రాసేవాడి సంగతి వేరు. తొందరపడి నిరోధిస్తే ఊరి సంగతులు తెలిసిన మనిషినే పోగొట్టుకుంటాం; చిన్న సముదాయానికి ఆ నష్టం ట్రోల్ చేసే హాని కన్నా పెద్దది. అందుకే ముందు వాడుకరి చర్చ పేజీలో హెచ్చరించి, ఆగకపోతేనే గడువు పెట్టి నిరోధించడం మేలు.