కొల్లేటి ఊళ్ళ పేజీలూ, బాటు లాగిన్ కథా

2022 ఏప్రిల్ 4న ఏలూరు పేరుతో కొత్త జిల్లా వచ్చింది. కైకలూరు, మండవల్లి, కలిదిండి, ముదినేపల్లి మండలాలు కృష్ణా జిల్లా వదిలి ఇందులో చేరాయి. తాడేపల్లిగూడెం, ఆకివీడు మాత్రం భీమవరం కేంద్రంగా మిగిలిన పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయాయి. కొల్లేరు ఎక్కడున్నది అక్కడే ఉంది, గీతలే జరిగాయి.

ఇప్పుడు తెలుగు వికీపీడియా సంగతి చూడండి. మన రాష్ట్రంలో ఊరూరికీ అందులో పేజీ ఉంది. 2000ల మధ్యలో వీటిలో చాలా పేజీల్ని మొదట సృష్టించింది మనుషులు కాదు, బాటులు. ఊరి పేరు, మండలం, జిల్లా జాబితా ఇస్తే బాటు వరసగా పేజీలు పెట్టుకుంటూ పోయింది. కొల్లేటికోట వాడొకడు ఎక్కడో అమెరికాలో కూచుని తన ఊరి పేరు కొడితే ముందు కనబడేది ఈ పేజీయే. జిల్లా మారిందంటే వందల పేజీల్లో మార్చాలి, అంటే మళ్ళీ బాటుకి తగిన పనే. అది సర్వరు దగ్గరికొచ్చి "నేను ఫలానా" అంటే నమ్మడం ఎలా? నా ఉద్దేశంలో వికీ చరిత్రలో అన్నిటికంటే ఆసక్తికరమైన ఇంజనీరింగ్ కథ ఇదే.

మొదట్లో బాటు బ్రౌజరు వేషం వేసేది. పైవికీపీడియా అనే పైథాన్ స్క్రిప్టులు మనం చూసే లాగిన్ పేజీ ఫారాన్నే నింపి పంపి, వచ్చిన కుకీలని ఫైల్లో దాచుకునేవి. దిద్దుబాటు కూడా అంతే, ఎచ్‌టీఎమ్‌ఎల్ పేజీ తెచ్చుకుని అందులో టోకెన్ వెతుక్కోవడం. పేజీ రూపం మారిందా, బాటు గల్లంతే. 2008లో ఏపీఐ ద్వారా దిద్దుబాట్లు చేసే వీలొచ్చాక ఈ వెతుకులాట తప్పింది. కానీ లాగిన్ మాత్రం అదే పేరు, అదే సంకేతపదం, అదే కుకీ.

2010 ఏప్రిల్లో మీడియావికీలో ఒక లోపం బయటపడింది. వేరే సైటు ఏదైనా మీ బ్రౌజర్ని మోసం చేసి, మీకు తెలియకుండా ఇంకెవరి ఖాతాతోనో లాగిన్ చేయించగలదు. దీనికి మందుగా లాగిన్‌కి ముందు సర్వరిచ్చే టోకెన్ తప్పనిసరి చేశారు. సబబే, కానీ ఇది బ్రౌజరుకి మాత్రమే వచ్చే జబ్బు. ఎవరి లింకులూ నొక్కని బాటు కూడా ఆ మందు మింగాల్సొచ్చింది, రెండంచెల లాగిన్ నేర్చుకునేదాకా ఆగిపోయింది. ఇద్దరికీ ఒకే గుమ్మం పెడితే జరిగేది ఇదే.

దీనికంటే ప్రమాదం ఇంకోటుంది. సెషన్ గడువు తీరితే మనకి పైన "లాగినవండి" అని కనిపిస్తుంది. బాటుకి కళ్ళెక్కడివి? అనామకంగా దిద్దుకుంటూ పోతుంది. బాటు హోదా ఉంటే ఆ మార్పులు ఇటీవలి మార్పుల్లో మామూలుగా కనబడవు. హోదా పోతే వందలకొద్దీ వచ్చి పడి, కాపలా కాసే కొద్దిమంది మీద గుట్టలా కూర్చుంటాయి. ఏది ఎవరు మార్చారో తేల్చడం ఒక పెద్ద తంటా. అందుకే అసర్ట్ అనే పరామితి వచ్చింది. "నేను బాటుగా లాగినై ఉంటేనే ఈ పని చెయ్యి, లేకపోతే తప్పు చూపించు" అని బాటే సర్వరుకి చెబుతుంది. విడిగా పొడిగింతగా ఉన్న దీన్ని 2014లో 1.23తో అసలు కోడ్లోనే కలిపేశారు. (మన ఆఫీసుల్లో ఎన్ని ఏపీఐలు గడువు తీరగానే 401 ఇవ్వకుండా లాగిన్ పేజీకి దారి మళ్ళిస్తాయో, స్క్రిప్టు 200 చూసి "అంతా క్షేమం" అని లాగ్ రాసుకుంటుందో మీకు తెలిసిందే!)

అసలు విడాకులు 2016లో, 1.27తో అయ్యాయి. మనిషి లాగిన్ ఒక సంభాషణ అని ఒప్పుకున్నారు. క్యాప్చా అడగొచ్చు, ఫోన్లో అంకె అడగొచ్చు, సంకేతపదం మార్చమనొచ్చు. మనిషి వాడే యాప్‌ల కోసం ఏపీఐలోనూ అలాంటి సంభాషణ జరిపే దారి పెట్టారు. బాటుకి విడిగా బాటు సంకేతపదం ఇచ్చారు. ఖాతా పేరు పక్కన ఎట్ గుర్తు, తర్వాత బాటు పేరు. దానికి ఏ అనుమతులో టిక్కులు పెట్టాలి, ఏ ఐపీల నుంచి పనిచెయ్యాలో కూడా కట్టెయ్యొచ్చు. పేజీలు దిద్దే బాటుకి అంతవరకే హక్కు. స్క్రిప్టు పొరపాటున ఎవరికైనా దొరికితే ఆ ఒక్కటీ రద్దు చేస్తే చాలు, అసలు ఖాతా జోలికి పోనక్కర్లేదు. 2013 నుంచీ ఓఆథ్ కూడా ఉంది గానీ, రాత్రి క్రాన్లో నడిచే చిన్న స్క్రిప్టుకి అది పిచ్చిక మీద బ్రహ్మాస్త్రం అని నా అభిప్రాయం.

పాత తలుపు ఇంకా పూర్తిగా మూయలేదు. అసలు ఖాతా సంకేతపదంతో ఏపీఐ లాగిన్ చెయ్యడం హెచ్చరిక లేకుండా ఆగిపోవచ్చని డాక్యుమెంటేషన్లో రాసిపెట్టి ఊరుకున్నారు.