కావేరి–గోదావరి తరం ప్రాసెసర్లు

అమెరికన్ చిప్ సంస్థ ఏఎండీ 2014–15లో విడుదల చేసిన ప్రాసెసర్ల తరం ఇది. కావేరి డెస్క్‌టాప్‌లకూ ల్యాప్‌టాప్‌లకూ వచ్చింది. దాన్ని మెరుగుపరిచిన గోదావరి డెస్క్‌టాప్‌లకే పరిమితమైంది. సీపీయూ, గ్రాఫిక్స్ విభాగం ఒకే మెమరీని పంచుకోవడం ఏఎండీ పీసీ చిప్‌లలో ఈ తరంతోనే మొదలైంది.

నేపథ్యం

2006లో ఏఎండీ, కెనడా గ్రాఫిక్స్ సంస్థ ఏటీఐని కొనుగోలు చేసింది. హైదరాబాద్‌లోని ఏటీఐ కేంద్రం కూడా ఏఎండీలో కలిసింది. సీపీయూనూ గ్రాఫిక్స్‌నూ ఒకే చిప్‌లో కూర్చిన ‘ఏపీయూ’లు 2011లో మార్కెట్లోకి వచ్చాయి. వీటిలో చాలావాటికి నదుల పేర్లు పెట్టారు. లానో, ట్రినిటీ టెక్సస్ నదులు. తర్వాత మన దేశపు నదులు కబిని, కావేరి, గోదావరి ఆ వరసలో చేరాయి.

నిర్మాణం

కావేరిలో 245 చదరపు మిల్లీమీటర్ల చిప్ మీద 241 కోట్ల ట్రాన్సిస్టర్లున్నాయి. తయారీ 28 నానోమీటర్ల ప్రక్రియలో జరిగింది. చిప్‌లో దాదాపు సగం గ్రాఫిక్స్‌కే కేటాయించారు.

అంతకుముందు ర్యామ్‌లో సీపీయూ భాగం, గ్రాఫిక్స్ భాగం వేరువేరుగా ఉండేవి. ఒకటి లెక్కించింది రెండోదానికి అందాలంటే డేటాను కాపీ చేయాల్సి వచ్చేది. కావేరిలో ఒకే చెరువుకున్న రెండు తూముల్లా రెండూ ఒకే మెమరీని నేరుగా వాడుకుంటాయి. అయితే ఆ ప్రయోజనం దక్కాలంటే ప్రోగ్రాములనూ అందుకు తగ్గట్టు రాయాలి. అలా రాసినవి కొన్నే.

ల్యాప్‌టాప్ రకాలు

2014 జనవరిలో డెస్క్‌టాప్ కావేరి, జూన్‌లో ల్యాప్‌టాప్ కావేరి విడుదలయ్యాయి. అగ్రశ్రేణి ఎఫ్‌ఎక్స్-7600పీ 35 వాట్ల చిప్, వేగం 2.7 నుంచి 3.6 గిగాహెర్ట్జ్. పలుచని ల్యాప్‌టాప్‌ల కోసం 19 వాట్ల ఏ10-7300 వచ్చింది. అప్పటికే 22 నానోమీటర్లకు చేరిన పోటీ సంస్థ ఇంటెల్, సీపీయూ వేగంలోనూ విద్యుత్ పొదుపులోనూ ముందుంది. పైగా కావేరి గ్రాఫిక్స్‌కు ర్యామే ఆధారం. ల్యాప్‌టాప్‌లో ఒకే ర్యామ్ స్టిక్ ఉంటే డేటా అందే దారి సగమై, గేములు నెమ్మదించేవి.

గోదావరి, ఆ తర్వాత

2015 మేలో గోదావరి తరపు ఏ10-7870కె వచ్చింది. కావేరి ఏ10-7850కెలో 720 మెగాహెర్ట్జ్‌గా ఉన్న గ్రాఫిక్స్ వేగం ఇందులో 866కు పెరిగింది. జూన్‌లో ల్యాప్‌టాప్‌ల కోసం వచ్చిన ఏఎండీ చిప్ కారిజోలో, దాదాపు కావేరి అంత చోటే 310 కోట్ల ట్రాన్సిస్టర్లు పట్టాయి. 2017లో ఏఎండీ 14 నానోమీటర్ల రైజెన్ ఈ చిప్‌ల స్థానాన్ని తీసుకుంది.

ప్రాధాన్యం

గోదావరి నది తీరాన బాసరలో 2008లో మొదలైన ఆర్జీయూకేటీ విశ్వవిద్యాలయం, పల్లె పిల్లలకు ల్యాప్‌టాప్‌లిచ్చి పాఠాలు చెప్పింది. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనలేని అలాంటి విద్యార్థులకు చిప్‌లోనే మంచి గ్రాఫిక్స్ ఉండటం పెద్ద మేలు. అమ్మకాల పోటీలో వెనకబడినా కావేరి ఎంచుకున్న దారి సరైనదే. 2020లో వచ్చిన యాపిల్ ఎం1 ల్యాప్‌టాప్‌లలోనూ సీపీయూ, గ్రాఫిక్స్ ఒకే మెమరీని పంచుకుంటాయి.