చెల్క నేలల కందగడ్డ

తెలంగాణలో కందగడ్డ, కోస్తాలో చిలగడదుంప, రాయలసీమలో గెనుసుగడ్డ అని పిలిచే తీపి దుంప పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసు వర్తకుల ద్వారా భారత తీరానికి చేరింది. పెద్దాపురం, సామర్లకోట మిల్లుల్లో సగ్గుబియ్యంగా మారే కర్రపెండలం కూడా ఆ ఖండానిదే. అంతకుముందు తెలుగువారికి తెలిసిన దుంపలు కంద, చేమ, పెండలం, వాటికి తోడు అడవి గడ్డలు.

అడవి గడ్డలను ప్రధాన ఆహారంగా చేసుకున్నవారు నల్లమల చెంచులు. హైదరాబాద్ సంస్థానంలోని అమ్రాబాద్ గుట్టల్లో వారి జీవితాన్ని దగ్గరగా చూసిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1943లో వారి మీద ఒక గ్రంథం వెలువరించాడు. ఇనుప మొన తొడిగిన కర్రతో రాళ్ల సందుల్లో గడ్డ తవ్వడం, దాన్ని కాల్చుకునో ఉడకేసుకునో తినడం వారి నిత్యకృత్యం. ఏ గడ్డ ఏ కాలంలో తవ్వాలో తెలిసిన ఆ విద్య తెలుగు నేల మీది వ్యవసాయం కంటే పాతది.

కంద, చేమల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉండటం వల్ల నోరు, గొంతు దురద పెడతాయి. అందుకే వాటిని చింతపండు పులుసుతో వండుతారు. గోదావరి జిల్లాల కంద బచ్చలి కూరలోనూ పులుపు తప్పదు. కందగడ్డతో ఆ బెడద లేదు. మట్టి కడిగి ఉడకబెడితే చాలు, తొక్క చేత్తోనే ఊడి వస్తుంది.

సాగూ అంతే తేలిక. విత్తనం కొననక్కర్లేదు. పాత చేలోని తీగను జానెడు ముక్కలుగా కోసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా బోదెల మీద నాటితే సుమారు నాలుగు నెలల్లో గడ్డ ఊరుతుంది. బంకమట్టిలో గడ్డ వంకర్లు పోతుంది. నీరు నిలవని ఎర్ర చెల్కలో సాఫుగా దిగుతుంది. హైదరాబాద్ చుట్టూ గ్రానైటు బండల మధ్య విస్తరించినవి చాలావరకు ఇలాంటి నేలలే.

అక్టోబరు, నవంబరులో నాటిన తీగ శివరాత్రి నాటికి తవ్వకానికి వస్తుంది. ఆ రోజు ఒక్కపొద్దు ఉన్నవారు అన్నం ముట్టరు, దుంపకు మాత్రం అభ్యంతరం లేదు. సముద్రాలు దాటి వచ్చిన పంట శివుడి పండుగలో ఇంతగా కలిసిపోవడానికి ఈ కాలం కుదరడమే అసలు కారణమని చెప్పవచ్చు. హైదరాబాద్ శివారు రాజేంద్రనగర్‌లో 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దుంప పంటల మీద పరిశోధనా సాగింది.

రాజేంద్రనగర్‌కు ఉత్తరాన ఉన్న కొత్తగూడ, కొండాపూర్, మాదాపూర్ ఒకప్పుడు శేరిలింగంపల్లి ప్రాంతపు పల్లెలు. 1998లో మాదాపూర్‌లో ఐటీ సంస్థల భవనం సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఈ పల్లెల పొలాలు ప్లాట్లయ్యాయి. 2007లో శేరిలింగంపల్లి మునిసిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ)లో కలిసిపోయింది. కొత్తగూడలో పచ్చదనం మిగిలిన పెద్ద జాగా రిజర్వు ఫారెస్టులోని బొటానికల్ గార్డెన్. శివరాత్రి కందగడ్డ ఇప్పుడు ఇక్కడికి బయటి చేల నుంచే వస్తుంది.