కృష్ణాతీరమున రాత్రివేళ రేడియో

కృష్ణాతీరమందలి సోమశిల యనగానే లలితా సోమేశ్వరాలయమును, శ్రీశైల జలాశయమున మునుగకుండ దానిని మెరకకు తరలించిన వృత్తాంతమును స్మరణకు వచ్చుట సహజమే. కాని నల్లమల నంటియున్న ఈ తీరసీమల రాత్రులకును రేడియోతో ముడివడిన ఒక చరిత్ర కలదు.

1935లో హైదరాబాదున నిజాం ప్రభుత్వ రేడియోయు, 1938లో మద్రాసు కేంద్రమును, 1948లో విజయవాడ కేంద్రమును వెలసినను, పగటివేళ మీడియంవేవ్ తరంగములు నేలవెంట కొంతదూరము సాగి క్షీణించెడివి. సూర్యాస్తమయమైనంతనే, పగలెల్ల వానిని మ్రింగుచుండు అయనావరణపు దిగువపొర కరగిపోగా, అవి పైపొరలను తాకి పరావర్తనమొంది వందల కిలోమీటర్ల యావల దిగెడివి; ఆపిల్టన్ పండితునకు 1947లో నోబెల్ బహుమానము తెచ్చినది ఈ పైపొరల పరిశోధనమే.

తపాలా కార్యాలయమున లైసెన్సు కట్టి, వసారాలో ఏరియల్ జాలీ బిగించి, ముల్లును వెంట్రుకవాసి జరుపుచు కూర్చున్న శ్రోతకు, ఒకపరి ఉబికి మరొకపరి సన్నగిల్లు ఆ స్వరము ఎంతటి అపురూపమో! షార్ట్‌వేవ్‌పై, సుమారు వేయి కిలోమీటర్ల దూరమునున్న సిలోనునుండి వినవచ్చిన తెలుగు పాటలును ఆ పైపొరల చలువయే.

నాటి శ్రోతలు కొందరు నేటికిని మనమధ్య నున్నారు. వారి జ్ఞాపకములను గ్రామచరిత్రలందు చేర్చుడని పాఠకులకు నా మనవి.