నీళ్లు అందినంత కాలమే పుణ్యం

ఇస్లాంలో నీళ్ల దానం కథ మదీనా బావుల దగ్గర మొదలవుతుంది. 7వ శతాబ్దంలో అక్కడ రూమా బావి నీళ్లు కొనుక్కుంటే తప్ప దొరికేవి కావు. ప్రవక్త సహచరుడు ఉస్మాన్ ఆ బావిని కొని ఊరందరికీ వదిలేశారు. చనిపోయిన తల్లి పేరిట ఏ దానం మేలని సాద్ బిన్ ఉబాదా అడిగితే, ప్రవక్త నీళ్లేనన్నారని హదీసులు చెబుతాయి. దాత పోయినా, జనం ఆ నీళ్లు తాగినంత కాలం పుణ్యం ఆగదన్నది నమ్మకం. దాన్నే సదకా-ఎ-జారియా అంటారు. దానం నిలబడాలంటే నిర్వహణకు రాబడి కావాలి. అందుకే భూములో దుకాణాలో వక్ఫ్ చేసే, అంటే ధర్మానికి శాశ్వతంగా రాసిచ్చే పద్ధతి బలపడింది.

కాకతీయుల నాటి నుంచే చెరువు తవ్వించడం పుణ్యకార్యమైన తెలంగాణ నేలపై ఆ భావన సులువుగా వేళ్లూనింది. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్ షా ఏలుబడిలో హుస్సేన్ సాగర్ నిర్మాణాన్ని సూఫీ సాధువు హుస్సేన్ షా వలీ నడిపించారు. 17వ శతాబ్దంలో కుతుబ్ షాహీ రాణి హయాత్ బక్షీ బేగం పేరిట వెలసిన హయత్‌నగర్‌లో మసీదు, బాటసారులకు సరాయి, పెద్ద బావి ఒక్కచోటే కట్టారు.

పల్లెలకు ఈ సంప్రదాయం మొహర్రంతో చేరింది. 680లో కర్బలాలో ఇమాం హుస్సేన్ పరివారం నీళ్లకు అలమటించిన జ్ఞాపకంగా సబీళ్లు, అంటే దాహం తీర్చే పందిళ్లు పెట్టి నీళ్లు, షర్బత్ పోస్తారు. పాత కరీంనగర్ జిల్లా పల్లెల్లో పీర్ల పండుగగా పిలిచే ఈ మొహర్రం ముస్లింలది మాత్రమే కాదు. పీర్లకు మొక్కేవాళ్లలో, షర్బత్ పంచేవాళ్లలో హిందువులూ ఉంటారు. ఎండాకాలపు చలివేంద్రానికీ సబీలుకూ ఉన్న చుట్టరికం ఈ పల్లెలకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

బావులు అడుగంటి బోర్లు వచ్చాక దానం తీరూ మారింది. తల్లిదండ్రుల పేరిట బోరు వేయించి బోరింగు బిగించడం నేటి సదకా-ఎ-జారియా. హైదరాబాద్‌లోని సఫా బైతుల్ మాల్ వంటి సంస్థలు ఈ పని చేస్తున్నాయి. అయితే ఉత్తర తెలంగాణ రాతినేలల్లో కొన్నిచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు పళ్లకూ ఎముకలకూ చేటు. 2016లో మొదలైన మిషన్ భగీరథ నది నీళ్లను ఇళ్లకు తెచ్చే దారి చూపింది. అయినా పైపుల్లో నీళ్లు ఆగిన రోజున ఊరు మళ్లీ బోరింగు వైపే చూస్తుంది.

కాబట్టి బోరు వేయించిన రోజుతో దాత పని తీరిపోదు. ముందు నీటిపరీక్ష చేయించాలి. వాషర్లు, రాడ్లు మార్చేందుకు కొంత సొమ్ము విడిగా పెట్టాలి. ఆ బాధ్యత ఊళ్లోనే ఒకరికి అప్పగించాలి. వక్ఫ్ పెట్టిన పెద్దలు చేసింది ఇదే. తుప్పుపట్టిన బోరింగు మీద దాత పేరున్న శిలాఫలకం ఎవరి దాహమూ తీర్చదు.