పొట్టుతో పోయిన బలము

కొంతకాలము క్రిందట మా యింటికి పెండ్లిచూపులవారు వచ్చిరి. పూరీలు తెల్లగా నుండవలెనని మా యింటివారు మరపట్టించి తెచ్చిన గోధుమపిండిని సన్నని జల్లెడతో రెండుమారులు జల్లించిరి. జల్లెడలో మిగిలిన పొట్టును చూచి మా పనిమనిషి, "అయ్యగారూ, ఇది మా గేదెకు పట్టుకుపోనా? ఇది పెడితే బాగా ఒళ్లు చేస్తుంది" అని యడిగినది. బడిలో పిల్లలకు ఆహారనియమములు బోధించు మాకు ఆ మాటతో సిగ్గు కలిగినది. బలమిచ్చు భాగమును గేదెకును, తెల్లని భాగమును అతిథులకును పంచిపెట్టితిమి! ఈ పంపకము మా యింట పుట్టినది కాదు. దీనికి చాల పురాతనమైన చరిత్ర కలదు. ఆ చరిత్రను చదువరుల ముందుంచుటయే మా యుద్దేశము.

గోధుమగింజలో మూడు భాగములు గలవు. పైనున్న పొట్టు గింజ తూకములో నూటికి సుమారు 14 పాళ్లు. మొలకెత్తు అంకురము రెండు మూడు పాళ్లు. తక్కిన 83 పాళ్లు నడిమి తెల్లని భాగము. ఈ తెల్లని భాగములో పిండిపదార్థమును, కొంత మాంసకృత్తును ఉన్నవి. కాని పీచు, ఇనుము, బి వర్గమునకు చెందిన విటమినులు మున్నగువానిలో అధికాంశము పొట్టునందును అంకురమునందును ఉన్నవి. మైదా చేయుట యనగా గింజలో రమారమి నాలుగవపాలును తీసివేయుట. తీసివేయబడినది తూకమున స్వల్పమే. గుణమున స్వల్పము కాదు.

ధాన్యములకు గౌరవాగౌరవములు కల్పించుట మనుష్యులకు ప్రాచీనమైన అలవాటు. ఋగ్వేదమున యవలు కనబడునుగాని గోధుమ కనబడదు; యజుర్వేద సంహితలలో గోధుమ పేరు వచ్చుచున్నది. చరకసంహిత గోధుమను మధురము, గురువు, దేహపుష్టికరము అని వర్ణించినది. అయినను సంస్కృత నిఘంటువులలో ఈ ధాన్యమునకే మ్లేచ్ఛభోజనమను పర్యాయపదమును గలదు! రోములో తెల్లరొట్టె సంపన్నులది, ముదుకరొట్టె సామాన్యులది. మధ్యయుగమున లండనునగరములో తెల్లరొట్టె కాల్చువారికిని, ముదురురంగు రొట్టె కాల్చువారికిని వేరువేరు సంఘములే యుండెడివి. తెలుపుపై గల యీ వ్యామోహమును కొందరు వర్తకులు మోసమునకును వినియోగించుకొనిరి. లండనులో రొట్టె తెల్లబడుటకై పటిక కలుపుచున్నారని ఫ్రెడరిక్ ఆకమ్ అను రసాయనశాస్త్రవేత్త 1820లో ఒక గ్రంథమున బయటపెట్టెను.

అయితే పూర్వము తెల్లరొట్టె అందరికిని అందునది కాదు. రాతి తిరుగళ్లలో గింజ యంతయు నలిగి, అంకురములోని నూనె పిండిలో కలిసిపోవును. ఎంత జల్లించినను పొట్టు కొంత నిలిచియుండును. పందొమ్మిదవ శతాబ్దమున హంగరీలో వృద్ధిపొంది, 1870 తరువాత ఇంగ్లాండు, అమెరికాలకు వ్యాపించిన రోలరు మరలు ఈ స్థితిని మార్చినవి. ఉక్కు రోలర్లు గింజను చీల్చి తెల్లని భాగమును విడదీయును. అంకురము అణగి రేకులై జల్లెడలో ఆగిపోవును. నూనె లేని పిండి త్వరగా ముక్కిపోదు. నెలల తరబడి నిలువయుండును, ఓడలలో దూరదేశములకు పోవును. వర్తకునకిది గొప్ప లాభము. శ్రీమంతుల తెల్లరొట్టె బీదలకును చౌకయైనది. కాని దానివలన కలిగిన నష్టము ఆనాడు కంటికి కనబడలేదు.

ఈ మరలు రాకపూర్వమే జల్లించిన పిండిని నిరసించినవాడు అమెరికాలోని సిల్వెస్టర్ గ్రాహము అను మతబోధకుడు. ఆయన 1837లో రొట్టెనుగూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. పొట్టుతోడి పిండికి ఆ దేశమున నేటికిని ఆయన పేరే వాడుకలో నున్నది. ఇంగ్లాండులో థామస్ ఆలిన్సన్ అను వైద్యుడు ముడిపిండి రొట్టెను ప్రచారముచేసెను. వైద్యమండలి 1892లో ఆయన పేరును వైద్యుల పట్టికనుండి కొట్టివేసినది. వీరు చెప్పినదంతయు శాస్త్రసమ్మతము కాదు. కాని పొట్టు విషయమున వీరి యూహ తప్పు కాలేదు.

ఆ యూహకు బలమైన సాక్ష్యము అన్నము తినువారి దేశములనుండి వచ్చినది. తెల్లపిండివలెనే తెల్లబియ్యమును పొట్టు పోగొట్టుకొన్నదే గదా! జావాద్వీపమున బటేవియాలో అయిక్మన్ అను డచ్చి వైద్యుడు తెల్లబియ్యపు అన్నము తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవుటయు, తవుడు పోని బియ్యము పెట్టగా అవి కోలుకొనుటయు 1890 ప్రాంతమున గమనించెను. మనుష్యులలో బెరిబెరి యనునది ఇట్టి వ్యాధియే. ఇది మనకు క్రొత్త కాదు. మన ఉత్తర సర్కారులలోని బెరిబెరినిగూర్చి మాల్కంసన్ అను వైద్యుడు 1835లోనే మద్రాసున గ్రంథము ప్రచురించియున్నాడు.

తవుడులోని ఆ ప్రాణాధారమైన పదార్థము నేమనవలెను? దానిని పట్టుకొన్న వారిలో ప్రముఖుడు మన నెల్లూరులో పుట్టినవాడనిన చదువరులు ఆశ్చర్యపడుదురు. రాబర్ట్ విలియమ్సు 1886లో నెల్లూరులో అమెరికా మిషనరీ దంపతులకు జన్మించెను. 1910 ప్రాంతమున మనిల్లాలో తవుడుసారముపై పరిశోధన నారంభించి, ఉదరపోషణకు టెలిఫోను సంస్థవారి ప్రయోగశాలలో పనిచేయుచునే, 1936లో ఆ పదార్థమును ప్రయోగశాలయందు తయారుచేయగలిగెను. అదియే బి1 విటమిను, థయమిను.

తరువాత జరిగినది విచిత్రము. తీసివేయుట మానవలసిన చోట, తీసివేసినదానిలో కొంత మరల కలుపుట మొదలైనది. 1941 నుండి అమెరికాలో తెల్లపిండికి థయమిను, నియాసిను, ఇనుము చేర్చసాగిరి. దానివలన మేలు కలుగకపోలేదు. కాని ధాన్యముతో వచ్చిన పీచును ఎవరును తిరిగి కలుపలేదు. ఇంగ్లాండులో యుద్ధకాలమున, 1942లో, గోధుమలో నూటికి 85 పాళ్లు పిండిలో నిలుపవలెనని ప్రభుత్వము శాసించినది. జనులు ఆ రొట్టె మాసినరంగును చూచి సణుగుకొనుచునే తినిరి. 1956లో ఆ రొట్టె పోయినది, తెలుపు మరల గద్దెనెక్కినది.

ముడిపిండికిని దోషము లేకపోలేదని చెప్పుట న్యాయము. పొట్టులోని ఫైటిక్ ఆమ్లము సున్నమును, ఇనుమును దేహమున కందనీయక కొంత అడ్డగించును; పిండిని పులియబెట్టిన ఆ దోషము తగ్గును. సీలియాక్ వ్యాధి గలవారికి ఏ గోధుమయు పనికిరాదు. అయినను 2019లో లాన్సెట్ పత్రిక ప్రకటించిన విస్తారమైన పరిశీలనలో, పీచు హెచ్చుగా తినువారిలో మరణములు తక్కువ తినువారిలోకంటె నూటికి 15 మొదలు 30 వరకు తక్కువగా కనబడినవి. దినమునకు 25 మొదలు 29 గ్రాముల పీచు మేలని ఆ పండితుల యభిప్రాయము.

ఇక గృహస్థులతో ఒక మాట. గ్రాహము రొట్టె చేయు భారమునంతయు ఇల్లాలిపై మోపెను. జొహాన్నెస్‌బర్గులో నున్నప్పుడు గాంధీగారు ఏడు పౌనులకు ఒక తిరుగలి కొని, తానును, మిత్రుడు పోలక్కును, పిల్లలును దానిని త్రిప్పెడివారమని ఆత్మకథలో వ్రాసియున్నారు. ఈ రెండవ మార్గమే మాకు నచ్చినది. నేడు విసరుపనిని మరలు చేయుచున్నవి; మనము చేయవలసినది స్వల్పము. పిండిని కొద్దికొద్దిగా పట్టించుకొనవలెను, ఏలయన నూనె గల పిండి త్వరగా ముక్కును. నీరు కొంచెము హెచ్చుగా పోసి కలిపి అరగంట నాననీయవలెను. అంగడిలో గోధుమరంగు రొట్టె యంతయు ముడిపిండి రొట్టె యని నమ్మరాదు. రంగు కలిపినవియు గలవు.

మొన్నటి పండుగనాడు మా యింట జల్లెడ తీయలేదు. పిండి మేమే కలిపితిమి. పూరీలు కొంచెము నల్లబడినవి. అతిథులును, మేమును, పనిమనిషియు, ఆమె బిడ్డయు అవియే తింటిమి. "మరి మా గేదెకు పొట్టేదండీ?" అని ఆమె నవ్వినది. గేదెకు తవుడు వేరుగా కొనియిచ్చితిమి.